దక్షిణం చూడని సూది

బేగంబజార్‌లో స్టీలు గిన్నెలు టోకున అమ్మే సేటు కబురు పెడితే మొదట రానన్నాను. ఆయన ఇంట్లో ఉన్న పాత విలాయతీ కారు సంగతి అప్పటికే బజారంతా పాకింది. సేటు తమ్ముడు దాన్ని ప్రాణంగా చూసుకునేవాడు. కిందటి దసరా నాడు కారుకు పూజ చేసి, స్టార్టు చేద్దామని ముందు హ్యాండిల్ పెట్టి తిప్పబోతే అది గిర్రున ఎదురు తిరిగి దవడ మీద కొట్టింది. మనిషి వెనక్కి పడ్డాడు, తల రాతిమెట్టుకు తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. కొన్నాళ్లకు అదే హ్యాండిల్ పట్టిన డ్రైవరుకు మణికట్టు విరిగింది. తిప్పినప్పుడల్లా తుపాకీ పేలినట్టు చప్పుడు. తమ్ముడు కారులోనే ఉన్నాడు, ఎవర్నీ ముట్టనివ్వడంలేదు అని ఇంటిల్లిపాదీ నమ్మారు.

డెబ్బైల నాటి మాట. కంచన్‌బాగ్ వైపు ఒక కర్మాగారంలో ఫిట్టరుగా ఉండేవాణ్ణి. సెలవురోజుల్లో కిషన్‌బాగ్‌లో మా ఇంటిముందు పాత కార్లు బాగుచేసేవాణ్ణి. దయ్యాలంటే నాకు భయం కంటే చిరాకు ఎక్కువ. ఇనుముకు కోపతాపాలేమిటి, మీ మొహాలు, అని ఎంతమందిని కసిరానో లెక్కలేదు. సేటు రెండోసారి మనిషిని పంపేసరికి పానాలు సంచీలో వేసుకుని బయల్దేరాను.

"ఉస్తాద్, గిదే ఆఖరు," అన్నాడు సేటు. "నీతోని గాకుంటే తుక్కోళ్లను పిలిపిస్త. పిల్లలు ఇటు దిక్కు రావాల్నంటే జడుసుకుంటున్నరు. ఈ లొల్లి నాకొద్దు."

గోదాము వెనక రేకుల షెడ్డు. మధ్యాహ్నమే, కానీ మబ్బు కమ్మి లోపల సందెచీకటిలా ఉంది. బంపరుకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఎండి నల్లబడ్డాయి. చక్రాల దగ్గర సాంబ్రాణి బూడిద. సేటు గడప అవతలే ఆగిపోయాడు. నేను ఒక్కణ్ణే వెళ్లి బానెట్ లేపాను. అప్పుడు వినిపించింది, కారులోంచి సన్నగా గుసగుస. ఒక అడుగు వెనక్కి వేసి, పక్క అద్దంలోంచి తొంగి చూశాను.

వెనక సీట్లో ఒక మనిషి కూర్చుని ఉంది. ముప్పై కూడా ఉండవు. నుదుట బొట్టు లేదు.

"జడుసుకోకన్నా, నేనే," అంది.

"మా మరదలు," అన్నాడు సేటు గడప అవతలి నుంచి, గొంతు తగ్గించి. "పగటిపూట గట్లనే కూసుంటది. తమ్మునితోని మాట్లాడుతదంట." ఆ ముక్క చెప్పి దుకాణంలోకి వెళ్లిపోయాడు.

"అమ్మా, మీరు ఇంట్లకు పోండి. దెబ్బ తాకుతది," అన్నాను.

"నన్నేం చెయ్యడన్నా. నేనుంట."

పంతానికి పోయి ముందు హ్యాండిలే పట్టాను. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచి, చుట్టూ బిగించకుండా పట్టుకోవడం మా పనిలో అలవాటు. ఆ అలవాటే నా చెయ్యి కాపాడింది. పైకి లాగానో లేదో లోపలినుంచి ఎవరో హ్యాండిల్ అందుకుని వెనక్కి గుంజినట్టయింది. భుజం అదిరింది. వెనకనుంచి ఢామ్మని పేలుడు. రేకులమీది పావురాలన్నీ లేచాయి. గోదాములో పేర్చిన స్టీలు పళ్లేలు చాలాసేపు జుయ్యిమని మోగుతూనే ఉన్నాయి.

ఆమె మాత్రం ఉలిక్కిపడలేదు. చిన్నగా నవ్వింది. "ఆయనకు కోపం మస్తు," అంది.

నా భయం కప్పిపుచ్చుకోవడానికి కారును నాలుగు బూతులు తిట్టి, ఆమె ఉందని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

పిస్టన్ ఇంకా పైకి వస్తూండగానే నిప్పు పడితే ఇంజను వెనక్కి తంతుంది. అది ప్రతి మెకానిక్కుకూ తెలిసిన సంగతే. ప్లగ్గులన్నీ విప్పి, మొదటి రంధ్రం మీద వేలుంచి, గాలి తన్నేదాకా మెల్లగా తిప్పాను. ప్లగ్గులు లేకపోయేసరికి హ్యాండిల్ బుద్ధిగా తిరిగింది. పిస్టన్ పైకి చేరిందని తెలిపే పుల్లీ మీది గుర్తు కలిపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. లోపల గడియారం ముల్లులా ఒక రోటర్ తిరుగుతుంటుంది. ఏ సిలిండరుకు ఎప్పుడు నిప్పు అందాలో అదే చూసుకుంటుంది. దాని నెత్తిమీద ఎండిపోయిన కుంకుమ బొట్టు.

సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం, విడినప్పుడు నిప్పు పడే పాయింట్ల మధ్య పెట్టి మళ్లీ తిప్పాను. గుర్తు కలిసే వేళకు జారాల్సిన కాగితం దానికి ఎంతో ముందే జారిపోయింది. కింద పళ్లచక్రంలో రోటరు ఒక పన్ను ముందుకు కూర్చుంది. పళ్లచక్రం తనంతట తాను జరగదు. ఎవరో ఈ డిస్ట్రిబ్యూటర్ డబ్బాను పైకి లేపి, మళ్లీ దించి ఉండాలి.

"ఏ గాడిద చేసిన పని ఇది," అని గొణుక్కుంటూ రోటరు మీద చెయ్యి వేశాను. కారు తలుపు తెరుచుకుంది.

"సూది గట్లనే ఉండనియ్యన్నా," అందామె దగ్గరికొచ్చి, రోటరు వైపు చూపిస్తూ. "జర్ర మళ్లెయ్యకు. నీ కాల్మొక్త."

"దీన్ని ముట్టింది ఎవరమ్మా?"

"నేనే. పండుగనాడు ఆయన అన్నీ ఇప్పి, గాసునూనెతోని కడిగి, మళ్ల పెట్టి, బిగించకముందే తానానికి పోయిండు. నేను బొట్టు పెడ్దామని పళ్లెం తెచ్చిన. సూస్తే ఈ సూది సీదా దక్షిణం దిక్కుంది. పండుగపూట యముని దిక్కు సూసుడేందని, డబ్బా జర్ర పైకి లేపి, సూదిని తూర్పు దిక్కు జర్ర మళ్లేసి కూసోబెట్టిన."

"ఆయనకు చెప్పినవా?"

"చెప్తే నవ్వుతడని చెప్పలే. తానం చేసొచ్చి ఆయన గట్లనే బిగించిండు." ఆగి, రహస్యం చెప్తున్నట్టు గొంతు తగ్గించింది. "అందుకే ఆయన పోలేదన్నా. సూది దక్షిణం సూస్తలేదు గద, తొవ్వ దొరకలే. ఇందులనే ఉండిపోయిండు. నువ్వు మళ్లేస్తే పోతడు."

వాన మొదలైంది, రేకుల మీద ఒకటే మోత. ఆ బొట్టు పెట్టిన రోటరు మీదినుంచి చెయ్యి తీసేశాను. ఏది ఆయన్ని చంపిందో అదే ఆయన్ని తనకోసం ఆపి ఉంచిందనుకుంటోంది ఆ పిల్ల. ఎంత జాలేసిందో చెప్పలేను. అలాగే వదిలేస్తే కారు తుక్కుకు పోతుంది, లేదంటే ఇంకొకడి తల పగులుతుంది. సూది తిప్పితే ఆమెకు మొగుడు రెండోసారి పోతాడు.

బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ డబ్బా మీదికి వంగాను. అప్పుడు తట్టింది. నిప్పు ఎప్పుడు పడాలన్నది సూది ఒక్కదాని మీద ఆధారపడదు, దాని చుట్టూ ఉన్న డబ్బా మీద కూడా ఆధారపడుతుంది. సూది ముందుకు జరిగినంత మేర డబ్బాను కూడా అటే తిప్పితే లెక్క సరిపోతుంది. తీగలు ఎలాగో సాగి అందుతాయి.

"సూదిని ముట్టనమ్మా, ఒట్టు," అన్నాను.

బోల్టు వదులు చేసి డబ్బాను కాస్త తూర్పు వైపు తిప్పాను. కాగితం గుర్తు దగ్గరే జారింది. బిగించాను, మూత పెట్టాను, ప్లగ్గులు వేశాను. ఆమె పక్కనే నిలబడి నా చేతుల్ని చూస్తూనే ఉంది. లోపల దేవుణ్ణి తలుచుకుని హ్యాండిల్ లాగాను. ఒక్క గుంజుకు అందుకుంది. పేలుడు లేదు, తన్ను లేదు. నున్నగా, మెత్తగా తిరుగుతోంది.

సేటు పరుగెత్తుకొచ్చి, మొదటిసారి గడప దాటాడు. "శభాష్ ఉస్తాద్!" అని అరిచి, పిల్లల్ని పిలవడానికి వానలోనే ఇంట్లోకి ఉరికాడు.

ఆమె బానెట్ మీద అరచెయ్యి ఆనించి వింటోంది. మొహం వెలిగిపోయింది. నాకూ గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

"సూది గట్లనే ఉన్నది గదన్నా?"

"గట్లనే ఉంది తల్లీ."

"మరి ఇప్పుడెందుకు కొడ్తలేదు?"

"డబ్బా మళ్లేసిన. సూది ఎటుంటే డబ్బా గటే ఉండాలె. అప్పుడు కొట్టదు," అనేశాను, పని కుదిరిన హుషారులో.

ఆమె నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్లు మాత్రం ఎక్కడికో వెళ్లాయి. ఇంజను తిరుగుతూనే ఉంది.

"నేను డబ్బా మళ్లెయ్యలే," అంది.

"ఏ, అది కాదమ్మా, గేరు అరిగింది, పాత సామాను, గట్లనే అయితది," అని గబగబా ఏదేదో వాగాను. ఒక్క మాటా ఆమె చెవిన పడలేదు. బానెట్ మీదినుంచి మెల్లగా చెయ్యి తీసేసింది. ఇంట్లోంచి పిల్లల కేరింతలు దగ్గరికొస్తున్నాయి.

"ఆయన ఇందుల లేడన్నా," అంది. "ఎన్నడూ లేడు. కొట్టింది నేనే. బంద్ చెయ్యి."

తాళంచెవి తిప్పాను. ఇంజను వెంటనే ఆగిపోయింది.