చాయ్ బంద్ చేసిన బ్యాకప్

ముందుగాల చాయ్ తాగుండ్రి. పైసలు నేనే ఇస్త. మీయే గాదు, గా మూల బల్ల కాడ కూసున్న ఎనిమిది మంది మగ్గమోళ్లయి గుడ నేనే ఇస్త. దానకర్ణుణ్ని అయిన్ననుకోకుండ్రి, నేను చేసిన పని గసుంటిది.

మా నారాయణపేట చేనేత సొసైటీల కంప్యూటర్ పని నాదని మీకు ఎరుకే గద. పోయినేడు పాత రిజిస్టర్లన్నీ దులిపి, ఏ చీర ఏ మగ్గం మీద నేసిండ్రు, అంచేంది, రంగేంది, అన్నీ ఫోటోలతోని డేటాబేస్ల ఎక్కించిన. అది గుడ క్లౌడ్ల, అంటే ఏడనో దూరపు ఊర్ల ఉన్న కిరాయి కంప్యూటర్ల. మా ప్రెసిడెంట్ సుశీలత్త, నాకు సొంత మేనత్త, మొదటి రోజే అడిగింది. "కిరాయి ఎంతైతదిరా?"

"మన సొసైటీ చాయ్ ఖర్చు కన్న తక్కువే అత్తా" అన్న.

గా ఒక్క మాట అనకుంటే ఇయ్యాల మీ పైసలతోని నేను చాయ్ తాగుతుండె.

ఇగ బ్యాకప్ పెట్టాలె. అసలుది ఖరాబైతే అక్కరకొచ్చే నకలు. సెట్టింగ్స్‌ల ఒక డబ్బా వచ్చింది, వారానికొక నకలు తీస్త, ఎన్ని దినాలు దాయాలె అని. మాది నేతోళ్ల ఇల్లు. తెగిన పోగు గుడ పారెయ్యం. మా అవ్వ మగ్గం మీద మిగిలిన అంచు ముక్కలు పెట్టెల దాచింది, ఇంక అట్లనే ఉన్నయి. ఆమె మనుమణ్ని, నా చెయ్యి ఊకుంటదా? పదేండ్లు అని కొట్టిన. కింద ఇంకో ప్రశ్న, ఒక్క ఊర్ల దాయాల్నా, రెండూర్లల్ల దాయాల్నా? ఉత్తగ వచ్చినట్టు రెండూర్లకు టిక్ పెట్టిన.

మొదటి బిల్లు చిన్నగనే వచ్చింది. అత్త ముందర మీసం దువ్విన. గని నెల నెల జర జర పెరుగుకుంట పోయింది. ఆఖరికి చాయ్ ఖర్చు దాటి మిర్చి బజ్జీల కాడికి వచ్చింది.

నాకు బుగులు వట్టింది. అత్తకు చెప్పకుండ, ఎవ్వరడగని చీరల ఫోటోలు సగం తీసేసిన. మిగిలినయి చిన్న సైజు చేసి మళ్ల ఎక్కించిన. రెండు రోజులు గదే పని. డేటా సగమైంది, ఇగ బిల్లు గుడ సగమైతదని నిమ్మలంగ ఉన్న.

ఇంక ఎక్కువొచ్చింది.

ఇగ దాస్తే దాగదని సొసైటీ గోదాముకు పోయిన. అత్త చీరలు మడతలు పెడుతుండె.

"అత్తా, డేటా సగం చేసిన. కిరాయి పెరిగింది."

"నువ్వు తీసేసినయి పాత నకళ్లల్ల ఉన్నయా, పోయినయా?"

"ఉన్నయి."

"మళ్ల ఎక్కించినయి?"

"ఏది మారినా బ్యాకప్ దాన్ని నకళ్లల్ల కొత్తగ రాసుకుంటది. గవి గుడ వడ్డయి."

"రెండూర్లల్లనా?"

"రెండూర్లల్ల."

అత్త చీర పక్కకు పెట్టింది. "అంటే ఇల్లు ఊడిస్తివి. ఊడ్చిన చెత్త మూటగట్టి, రెండూర్లల్ల జాగ కిరాయికి తీసుకొని దాస్తివి. పదేండ్లకు."

మూడు రోజులు ఇంగ్లిష్ పేజీలు చదివినా నాకు తలకెక్కని ముచ్చట, ఆమెకు ఒక చీర మడత పెట్టేలోపట సమజైంది. నాకు సిగ్గయింది, కోపం గుడ వచ్చింది.

"నీకెట్ల తెల్సు అత్తా ఇదంత?"

"గోదాము నడుపుతున్న గదరా. దినాం ఎంత సరుకు మారుతది, ఎన్ని దినాలు ఉంచాలె, ఎన్ని జాగలల్ల ఉంచాలె, గీ మూడు అడగకుండ ఎవ్వడన్న కిరాయికి ఒప్పుకుంటడా?"

ఆమె ముందరనే పదేండ్లు తీసి నెల రోజులు చేసిన. రెండో ఊరు బంద్ వెట్టిన. పాత నకళ్లల్ల ఒక్కటి డిస్కుల పెట్టి బీరువల దాచి, మిగిలినయి తీసేసిన. వచ్చే నెల నుంచి తగ్గుతది. గని వచ్చిన బిల్లయితే కట్టాలె గద.

తెల్లారి సొసైటీ గోడకు అత్త చేతిరాతతోని కాయితం. "చాయ్ బంద్."

మగ్గాలు ఆగినయి. అందరు నా దిక్కే చూస్తుండ్రు. పెద్దాయన నర్సింలు తాత అద్దాలు సవరించుకొని అడిగిండు. "ఏం నాయినా, అన్నీ మబ్బుల దాచినవంట గద. జర ఒక కప్పు చాయ్ కిందికి దింపు."

అత్త కాడికి ఉరికిన. "తప్పు నాది, వాళ్ల చాయ్ ఎందుకు ఆపుతవు? ఎన్ని దినాలు బంద్ ఇది?"

ఆమె తల గుడ ఎత్తలే. "గా డబ్బాల నువ్వు ఎంత కొట్టినవురా?"

గందుకే దినాం పదకొండింటికి గీ ఎనిమిది మందిని నేనే ఈడికి తోలుకొస్తున్న. తాగుండ్రి, సల్లారుతది. ఒక నెల ఒడిసింది, ఇంక తొమ్మిదేండ్ల పదకొండు నెలలే ఉన్నది.