ఇద్దరికీ ఒకటే నడుము బెల్టు

ఇవాళ చేవెళ్లలోని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి కనకమామిడి నుంచి అత్తాకోడళ్లు వచ్చారు. కారులో తీసుకొచ్చిన కొడుకు గుమ్మం దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. పోయినసారి నేను బెల్టు పెట్టుకోమన్నది కోడలిని. ఇవాళ చూస్తే అది అత్త నడుముకు ఉంది.

"ఈ బెల్టు ఎవరిదమ్మా?" అన్నాను.

"ఇద్దరిది మేడం. పొద్దుగాల టమాటలు తెంపేటప్పుడు నేను పెట్టుకుంట. మాపటికి పాలు పిండేటప్పుడు పిల్లకిస్త," అంది అత్త.

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. వెన్నెముకను నిలబెట్టేది పొట్ట చుట్టూ, వీపులోనూ ఉండే కండరాలేనని, ఎప్పుడూ బెల్టు మీదే ఆధారపడితే అవి బలం కోల్పోతాయని చెప్పాను. వంగే ముందు పొట్ట ఎలా బిగించాలో నేర్పించాను. ఒకరి పొట్ట మీద ఒకరు చెయ్యి పెట్టి చూసుకుని నవ్వుకున్నారు.

వెళ్లేటప్పుడు కొడుకు లేచి, "ఇంకో బెల్టు కొనాల్నా మేడం?" అన్నాడు.

"బెల్టు కాదన్నా, మీ ఇంట్ల వంగనీకి ఇంకో నడుము కావాలె," అన్నాను.

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో అత్త, ఆ బెల్టుతోనే నిలబడి, "అయ్యో, వాడు వంగితే నడుము పట్టుకుంటది మేడం!" అంది.

కోడలు నా వైపు చూసింది. మీరైతే ఏమనేవారు?