కొత్త కార్బొరేటర్ బిగించిన సాయంత్రం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా ఆయన పోయాక కొన్నాళ్లు నమ్మాలని ప్రయత్నించాను కూడా. కుదరలేదు. పెద్దకర్మ నాడు కాకి వచ్చి పిండం ముట్టుకోగానే చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాకది ఆకలేసిన కాకిలాగే కనిపించింది. అలాంటి నేను ఇది రాస్తున్నాను కాబట్టి చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నేను చిత్తూరులో ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. మా ఇల్లు పూతలపట్టు దగ్గర, మామిడితోటలో.

ఇంటికి వచ్చే బాట గురించి ముందే చెప్పాలి. పెద్ద రోడ్డు దిగి మట్టిబాట పట్టగానే మా తోట పై మూల వస్తుంది. ఇంకొంత దూరం వస్తే వంక మీద చిన్న కల్వర్టు. అది దాటి చాలాసేపు వస్తే ఇల్లు. ఇంటి ముందు కాళ్లు కడుక్కునే రాయి.

మా ఆయన తోటలో తిరగడానికి ఒక క్వాడ్ బైక్ కొన్నారు. నాలుగు లావు చక్రాలు, వాటి మీద మోటార్ సైకిల్ సీటు, హ్యాండిలు. కొండ మీద ఒక రిసార్టు మూతపడితే అక్కడి సామానుతో పాటు అమ్మకానికి వచ్చింది. పొలం పనికి చేసిన రకం కాదు, పందేలకు చేసిన రకం. దాన్ని చూడగానే మునిరత్నం అన్న మాట ఇంకా గుర్తుంది. మునిరత్నం ఆయన చిన్ననాటి స్నేహితుడు, పూతలపట్టు కూడలిలో మోటార్ సైకిళ్ల షెడ్డు నడిపేవాడు.

"ఏమప్పా శేఖరా, దేవుడిచ్చిన రెండు కాళ్లు సాలక నాలుగు తెచ్చుకున్నావా?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయన తక్కువ మాట్లాడేవారు. మా ఇద్దరి మధ్య మౌనమే ఎక్కువ, అది ఎప్పుడూ ఇబ్బందిగా ఉండేది కాదు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఇంటికి వస్తూ కల్వర్టు దగ్గర, బండి నడుస్తుండగానే, ఎడమ చేయి కిందికి పెట్టి పెట్రోలు టాపు కట్టేసేవారు. ట్యాంకు నుంచి పెట్రోలు రావడం ఆగిపోతుంది. ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బొరేటర్ అడుగున ఒక చిన్న గిన్నె ఉంటుంది. అందులో మిగిలిన పెట్రోలుతో బండి ఇంటిదాకా వచ్చి, సరిగ్గా కాళ్లు కడుక్కునే రాయి దగ్గర దానంతటది ఆగిపోయేది. ఆగే ముందు ఇంజను శబ్దం ఒకసారి పైకి లేస్తుంది, రెండుసార్లు దగ్గుతుంది, అంతే. ఆ శబ్దం లేవడం వినగానే నేను చెంబుతో నీళ్లు తీసుకుని వాకిట్లోకి వచ్చేదాన్ని. ఏళ్ల తరబడి సాయంత్రాలు ఇలాగే గడిచాయి.

పెట్రోలు నిలవ ఉంటే లోపల జిగురు పట్టి సన్నని రంధ్రాలు పూడుకుపోతాయని ఆయన కారణం. బండికి కూడా ఉపాసమేనా అని మునిరత్నం ఎగతాళి చేసేవాడు. తాళం తిప్పితే సరిపోతుంది కదా అని నేనూ ఒకసారి అడిగాను.

"తాళంతో ఆపితే బండి ఆగతాది. ఇట్లయితే ఇంటికొచ్చి ఆగతాది," అన్నారు.

తర్వాత కార్బొరేటర్ అరిగిపోయింది. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కితే బండి ఒక క్షణం ఊపిరి బిగబట్టి అప్పుడు కదిలేది. ఆయన మద్రాసులో ఎవరికో చెప్పి పెద్ద కార్బొరేటర్ తెప్పించారు. దాన్ని అన్నం తినే బల్ల మీద పెట్టి, విప్పి, ఒక్కో ఇత్తడి ముక్కనూ నోటితో ఊది, వెలుతురుకు పట్టి చూసి మళ్లీ బిగించారు. పక్కన పప్పుగిన్నె పెట్టడానికి చోటు లేదని నేను విసుక్కున్నాను.

"దీని గిన్నె పెద్దది," అన్నారు నాకు చూపిస్తూ. "కల్వర్టు కాడ కడితే ఇల్లు దాటిపోతాది. మళ్లా కొత్త జాగా ఎతుక్కోవాల."

"ఎక్కడ?"

"తిరిగి సూస్తే గదా తెలిసేది."

ఆ వారమే, దాన్ని బండికి బిగించకముందే, ఆయనకు గుండెనొప్పి వచ్చింది. తిరుపతి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. ఇంటికి తీసుకురావడానికి మాత్రం అంబులెన్సు మాట్లాడుకోవలసి వచ్చింది. మా అత్తవారింట్లో చనిపోయినవాళ్లను సొంత భూమిలోనే పూడుస్తారు. తోట పై మూలలో, మామగారి పక్కన పూడ్చారు.

కొన్ని నెలలకు నగరి నుంచి ఒకాయన బండి కొంటానన్నాడు. మునిరత్నమే మాట్లాడిపెట్టాడు. కొట్టంలో పడి తుప్పు పట్టడం కంటే ఎవరో ఒకరు నడిపితే మంచిదని నాకూ అనిపించింది. కానీ కొత్త కార్బొరేటర్ బిగించిన తర్వాతే ఇద్దామన్నాను.

"ఎందుకు వదినా, పాతదాంతోనే తీసకపోతాడు. దీన్ని ఇడిగా అమ్ముకుందాం."

నేను ఒప్పుకోలేదు. కొత్తదానితో బండి శబ్దం ఎలా ఉంటుందో వినాలని ఆయన ఎదురుచూశారు, వినలేదు. ఆయన బదులు నేను ఒక్కసారి వింటే బండిని పంపించగలనని అనుకున్నాను. వినకుండా పంపితే ఆయన చేతిలో పనిని సగంలో లాక్కున్నట్టే ఉంటుంది. మునిరత్నానికి ఇంత వివరంగా చెప్పలేదు. అతను నా ముఖం చూసి సరేనన్నాడు.

పని అనుకున్నంత సులువు కాలేదు. కొత్తదాని నోటికి పాత రబ్బరు గొట్టం సరిపోక వేరేది తెచ్చాడు. బిగించాక ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా మసి. పెట్రోలు ఎక్కువ పోతోందని లోపలి జెట్, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క, మార్చాడు. ఈసారి తెల్లగా వచ్చింది.

"కాఫీపొడి రంగు రావాల వదినా. ఈ మహాతల్లి ఒకరోజు కాటిక, ఒకరోజు ఈబూది."

ట్యాంకు కింద టాపు కారుతోందని దానికీ కొత్త వాషరు వేసి బిగించాడు. అది ఎంత బిగుసుకుందంటే నా వేళ్లతో తిప్పలేకపోయాను.

ఆ సాయంత్రం ప్లగ్గు కాఫీపొడి రంగులో వచ్చింది. పెద్ద రోడ్డు మీద ఒక చుట్టు వేసి వస్తానని మునిరత్నం వెళ్లాడు. ఇంకా బాగా వెలుతురు ఉంది. నేను వంటింట్లో బియ్యం ఏరుతూ విన్నాను. శబ్దం మారింది. మునుపటికంటే నిండుగా, తడబాటు లేకుండా ఉంది. ఇదే ఆయన వినాలనుకున్నది అనుకున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను కానీ రాలేదు.

బండి పెద్ద రోడ్డు దిగింది. కల్వర్టు దాటింది. దగ్గరికి వచ్చింది. అప్పుడు శబ్దం పైకి లేచింది.

రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నేను వాకిట్లో ఉన్నాను. చేతిలో చెంబు ఉంది. నీళ్లు ఎప్పుడు ముంచుకున్నానో తెలియదు. బండి ముందు చక్రం కాళ్లు కడుక్కునే రాయికి ఆనుకుని ఉంది. మునిరత్నం వేలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది.

"పెట్రోలు అయిపోయిందా?" అని అడిగాను.

"పొద్దన నిండా పోసినా గదా." వంగి చూశాడు. "టాపు కట్టేసుండాది."

"నువ్వే కట్టావేమో."

"నేనా? ఆయప్పను ఇన్నేండ్లు ఎగతాళి సేసినోణ్ణి, నేను కడతానా వదినా?"

అప్పుడు నా చేతిలో చెంబు చూశాడు. ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ నీళ్లు ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఆ రాతి మీదే పోశాను.

మర్నాడు నేనే మునిరత్నాన్ని మళ్లీ రమ్మన్నాను. నాకు కారణం కావాలి. కల్వర్టు దగ్గర టాపు కట్టి రమ్మన్నాను. బండి నన్ను దాటుకుని బావి దగ్గరి మోటారు షెడ్డు దాకా పోయి ఆగింది. ఆయన చెప్పింది నిజమే. పెద్ద రోడ్డు మీదే కట్టేసి వస్తే ఇంటికి చాలా ముందే నిలిచిపోయింది. అలా వేర్వేరు చోట్ల కట్టి చూస్తూ పోయాడు. ప్రతిసారీ నేను రాయి దగ్గర నిలబడ్డాను.

చివరికి ఒకసారి శబ్దం లేచి, దగ్గి, ముందు చక్రం రాయిని తాకుతూ ఆగింది. మునిరత్నం సీటు మీద నుంచి దిగలేదు.

"యాడ కట్టినావు?" అని అడిగాను. నాకు తెలియకుండానే వాళ్ల మాట వచ్చింది.

"పై మూలన. మా శేఖరుని కాడ."

ఆ మూలలో బాట మలుపు తిరుగుతుంది, గుంతలున్నాయి. ఆ సాయంత్రం బండి కుదుపుకు అతని మోకాలు టాపుకు తగిలి ఉండొచ్చు. ఇది నేనే మునిరత్నానికి చెప్పాను, బండి మీద కూర్చుని మోకాలితో గుద్ది కూడా చూశాను. టాపు కొంచెం కదిలింది. పూర్తిగా తిరగలేదు. గట్టిగా తగిలితే తిరుగుతుందేమో, నేను కాదనను.

ఆదివారం నగరి ఆయన వచ్చాడు. ఇస్తానన్న మాట మీదే నిలబడ్డాను. టాపు అలవాటు గురించి చెబితే నవ్వాడు.

"దానికి తాళం ఉండాది గదమ్మా."

పెద్ద రోడ్డు మీద లారీ ఆపి ఉంది. అక్కడిదాకా తనే నడుపుకుంటూ వెళ్లాడు. నేను వాకిట్లో నిలబడి విన్నాను. కల్వర్టు దాటింది. పై మూల దగ్గర శబ్దం లేస్తుందేమోనని చూశాను. లేవలేదు. నిండుగా, తడబాటు లేకుండా ఆ మలుపు దాటి వెళ్లిపోయింది.

ఇది విన్నవాళ్లలో చాలామంది మోకాలే తగిలి ఉంటుందంటారు. నేను వాదించను. తగిలే ఉండొచ్చు. మేమిద్దరం అంతసేపు వెతికితే గానీ దొరకని ఆ కొత్త జాగా, మొదటిసారే ఒక మోకాలికి ఎలా తెలిసిందన్నది మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు.