బోనం కిమ్‌కి పోయిన ఏడాది

మా అత్తమ్మ నోటికి మా కాలనీలో ఒక పేరుంది. నేను కోడలిగా సూరత్ వచ్చిన కొత్తలో, పక్కనే సాంచాలు, అంటే మరమగ్గాలు, దడదడా ఆడుతున్నా సరే, ఆమె అరుపు నాలుగిళ్ళ అవతలికి వినపడేది. పప్పులో ఉప్పు ఎక్కువైతే గిన్నె గోడకు తగిలేది. మా యారాలు, అంటే మా బావగారి భార్య, ఆ మాటలు పడలేకే వేరుపడి, రైల్లో వెళ్ళాల్సిన కిమ్ అనే ఊరికి వెళ్ళిపోయింది. బావకు అక్కడి మిల్లులో పని దొరికిందని బయట చెప్పుకున్నాం గాని, అసలు సంగతి తెలియనివాళ్ళు లేరు. నేను మాత్రం సూరత్‌లోని మా అమ్రోలిలోనే, అత్తమ్మతోనే ఉండిపోయాను. మా ఆయనకు మిషన్ల మోతలో చెవులు సగం పోయాయి కాబట్టి ఆయనకు ఏ బాధా లేదు. వినేదాన్ని నేనే.

అందుకే, నాకు నలభై ఏడు దాటాక ఒక పొద్దున మా బిడ్డ చాయ్ గ్లాసు కింద పెట్టి, "మమ్మీ, నువ్వు అచ్చం నాయినమ్మ లెక్క అయినవ్" అన్నప్పుడు చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఆ పొద్దున నేను చేసిన ఘనకార్యం చెప్తాను. చీరలకు మెరుపు రాళ్ళు అతికించడం నా పని. మార్కెట్ నుంచి టెంపోలో చీరలు వస్తాయి, గమ్ముతో రాళ్ళు అతికించి మడతపెట్టి పంపాలి. ఆ రోజు ఒక వరుస వంకర పోయింది. అంతే, చీర తీసుకెళ్ళి గడప బయటికి విసిరేశాను. అది పోయి మోరీలో పడింది. గ్లాసు చేతిలో పట్టుకుని మా బిడ్డ అంతా చూసింది.

అప్పటికి చాలా నెలలుగా నాకు నిద్ర లేదు. రొమ్ము కింద ఎక్కడో వేడి పుట్టి మెడ మీదుగా నెత్తికెక్కేది. ఒళ్ళంతా చెమట, తర్వాత చలి. గుండె ఊరికే దడదడలాడేది. చలికాలంలో నేను ఫ్యాన్ పెట్టమంటే మా ఆయన మాట్లాడకుండా దుప్పటి తీసుకుని వంటింట్లో పడుకునేవాడు. ముట్టు కూడా ఒక నెల వచ్చి, రెండు నెలలు ఎగ్గొట్టి, చివరికి రావడమే మానేసింది.

ముట్టు రావట్లేదని అందరికంటే సంతోషపడింది అత్తమ్మ. దానికి కారణం మా ఇంటి బోనం. ఆషాఢంలో మా కాలనీ చివరి పోచమ్మకు బోనం ఎత్తుతాం. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం, ముట్టు పూర్తిగా ఆగిన ఆడదే బోనం వండాలి, ఆమే నెత్తిన ఎత్తుకోవాలి. అత్తమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి సర్వ ఒకటుంది, బోనం దానిలోనే వండుతాం. పండగ అయ్యాక ఎత్తుకున్నవాళ్ళ ఇంటికే ఆ సర్వ పోతుంది, వచ్చే ఏడు నుంచి పండగ కూడా ఆ ఇంట్లోనే. ఇన్నేళ్ళూ అత్తమ్మే ఎత్తింది. ఇప్పుడు ఆమె మోకాళ్ళు పనికిరావు. "వచ్చే ఆషాఢంల నా చిన్న కోడలు ఎత్తుతది" అని కాలనీ అంతా చాటింపు వేసింది. నోటి దెబ్బలన్నీ పడ్డదాన్ని నేను, సర్వ నాదే కావాలని నాకూ ఉండేది. లేదని అబద్ధమెందుకు ఆడాలి?

కాని మా బిడ్డ అన్న మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. చివరికి ఆ పిల్లే నన్ను లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె గుజరాతీ. రక్తం, రొమ్ము, గర్భసంచి అన్నీ పరీక్ష చేయించి, ఇది ముట్టు ఆగిపోయే వయసులో వచ్చే అవస్థ అనీ, హార్మోన్ మందు వాడవచ్చనీ చెప్పింది. "ఏ మందు ఎవరి ఒంటికి పడుతుందో వాడి చూస్తేనే తెలుస్తుంది బెన్, ఓపిక పట్టాలి" అంది హిందీలో. ఇక్కడ ఆడవాళ్ళందరినీ బెన్ అనే పిలుస్తారు, అక్కా అన్నట్టు. ఓపిక ఉంటే నీ దగ్గరికెందుకు వస్తాను తల్లీ అనుకున్నాను.

మొదట గోలీలు. వేడి తగ్గింది గాని కడుపులో తిప్పేది, రొమ్ములు రాళ్ళలా బరువెక్కేవి. నెలలో రెండో సగానికి రంగు మారిన గోలీలు మొదలయ్యేవి. అవి వేసుకున్న రోజుల్లో నా మీద చీకటి కమ్మేది. పని చేస్తూ చేస్తూ ఏడ్చేదాన్ని. తాపీ నది మీద బ్రిడ్జి దాటేటప్పుడు కిందికి చూడబుద్ధి అయ్యేది కాదు, భయం వేసేది. ఆ మాట విన్న డాక్టర్ వెంటనే ఆ గోలీలు ఆపించింది.

తర్వాత పొత్తికడుపు మీద అతికించుకునే పట్టీ ఇచ్చింది. మందు మంచిదే, సూరత్ ఉక్కపోతే దానికి శత్రువు. చెమటకు అంచులు లేచేవి, లేచిన అంచులకు నూలు పోగులూ మెరుపు పొడీ అంటుకునేవి. ఒకరోజు పట్టీ కనపడలేదు. ఇల్లంతా వెతికాం. రెండు రోజులకు మార్కెట్ సేఠ్ ఫోన్ చేసి, "బెన్, సాడీ పే యే కౌన్‌సా స్టిక్కర్ లగాయా?" అని, చీర మీద ఈ స్టిక్కరేంటని అడిగాడు. నా పట్టీ చీర కొంగుకు అతుక్కుని, మడతలో పడి, దుకాణం దాకా పోయింది! నొప్పి పట్టీ అని చెప్పి ఫోన్ పెట్టేశాను. మా బిడ్డ నేల మీద పడి దొర్లుతూ నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్ని నెలలయిందో నవ్వి.

మూడోది జెల్. రోజూ పొద్దున భుజానికి రాసుకుని ఆరనివ్వాలి. నెలలో కొన్ని రోజులు పడుకునే ముందు వేరే రకం గోలీ ఒకటి వేసుకోవాలి. ఇది మొదటి దానిలా చీకటి కమ్మేది కాదు, మత్తుగా నిద్ర పట్టేది. ఒక ఆదివారం కళ్ళు తెరిచేసరికి ఎండ గడప దాటి లోపలికొచ్చింది. అంతసేపు నిద్రపోయానా అని నాకే నమ్మకం కుదరలేదు, మంచం మీదే కూర్చుని ఏడ్చాను. సంతోషానికే. మా ఆయన కంగారుపడి, "ఏమైందే, మల్ల గట్లనే అయితాందా?" అని గట్టిగా అడిగాడు. ఆయన ఏది అడిగినా గట్టిగానే అడుగుతాడు పాపం.

ఒక్క చిక్కు మిగిలింది. ఈ మందుతో నెలనెలా ముట్టు మళ్ళీ కనపడుతుందని డాక్టర్ ముందే చెప్పింది. నిద్ర వచ్చిన సంబరంలో నేను ఆ మాట చెవిన పెట్టలేదు. చెప్పినట్టే వచ్చింది. వచ్చే నెల లెక్క చూసుకుంటే సరిగ్గా బోనాల ఆదివారానికే పడుతోంది.

దీనికి మా ఆడవాళ్ళందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. పెళ్ళికో, తిరుపతికో వెళ్ళాలంటే మెడికల్ షాపులో తేదీ జరిపే గోలీలు అడుగుతాం. ఎవరూ చీటీ అడగరు, మనమూ చూపించం. నేనూ వెళ్ళి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాక అనుమానం వచ్చి డాక్టర్‌కి ఫోన్ చేశాను. "మీకు మొదట ఏ గోలీలు పడలేదో, అదే జాతి మందు ఇది. ఆ రోజులు గుర్తున్నాయి కదా?" అంది. గుర్తుండకేం! ఆ గోలీలు కొంగున కట్టుకుని ఒక రోజంతా తిరిగాను. కొన్ని రోజులే కదా, ఓర్చుకుంటే సర్వ మన ఇంట్లోనే ఉంటుంది కదా అని ఒక మనసు. ఆ చీకట్లోకి మళ్ళీ కాలు పెట్టలేను అని ఒక మనసు. సాయంత్రం మా బిడ్డ కాలేజీ నుంచి వచ్చి, నన్ను పలకరించే ముందు నా ముఖం ఎలా ఉందోనని గడప దగ్గర ఆగి చూసింది. గోలీలు తీసి చెత్తబుట్టలో పడేశాను.

అత్తమ్మకు చెప్పడం అంతకంటే కష్టమైంది. "అత్తమ్మా, నేను ఎత్తలేను. మందుతోటి నాకు మల్ల వస్తాంది" అన్నాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"మందు బంద్ పెట్టు."

"పెట్ట. పెడితే నేను మనిషిని గాను."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "అయితే పెద్దదాన్ని పిలువు. సర్వ కిమ్‌కు పోతది" అంది. అరిచినా అంత బాధపడేదాన్ని కాదు.

యారాలు వచ్చింది. ఆమెకు ముట్టు ఆగి ఐదేళ్ళు. ఆమె నా వంటింట్లో బోనం వండుతుంటే నేను గుమ్మం బయట ముక్కాలి పీట మీద కూర్చున్నాను. కడుపు మండిపోయింది, దాచడమెందుకు. సర్వకు పసుపు, బొట్లు, వేపమండలు, పైన దీపం పెట్టుకుని ఆమె బయల్దేరింది. ముందు డప్పులు, వెనక ఆటోలో అత్తమ్మ. నేను సర్వను తాకకుండా పక్కగా నడిచాను. వాన వెలిసి ఎండ కాస్తోంది, నేల ఆవిర్లు కక్కుతోంది.

గుడి ఇంకా కొంత దూరం ఉందనగా యారాలు ముఖం చూశాను. మెడ దగ్గర ఎరుపు మొదలై చెవుల దాకా పాకింది. పెదవి పైన చెమట. ఒక చెయ్యి సర్వను వదిలి, తెలియకుండానే కొంగును మెడ మీంచి లాగుతోంది. ఆ చెయ్యి నాకు తెలుసు. మొన్న మొన్నటి దాకా అది నా చెయ్యే. ఆమె అడుగు తడబడింది, దీపం ఒరిగింది. నేను ఏ నియమమూ ఆలోచించలేదు. పరిగెత్తి రెండు చేతులా సర్వ పట్టుకున్నాను.

డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆటోలోంచి అత్తమ్మ నన్నే చూస్తోంది. నాకు ముట్టు వచ్చిందని కాలనీవాళ్ళకు తెలియదు, ఆమెకు తెలుసు. ఒక్క అరుపు చాలు, నా పరువు ఆషాఢపు వానలో కొట్టుకుపోయేది.

"ఏం జూస్తున్నవే? గట్టిగ వట్టు. నడువుండ్రి" అంది.

ఇద్దరం చెరో వైపు పట్టుకుని గుడి దాకా నడిచాం.

సాయంత్రం యారాలు సర్వను పాత చీరలో మూట కడుతోంది, కిమ్ రైలుకు టైమవుతోంది. అత్తమ్మ మంచం మీద మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. ముడి వేస్తూ వేస్తూ యారాలు గొంతు తగ్గించి అడిగింది. "నాకు ఐదేండ్ల సంది గిట్లనే. ఎవ్వలికి చెప్పలే. నువ్వు భుజానికి ఏందో రాసుకుంటవట గద, జర చూపియ్యవా?"

"నాది నీకు పడదో ఏమో అక్కా. డాక్టర్ దగ్గరికే పోదాం, నేను వస్త" అన్నాను.

అత్తమ్మ చేతులు ఆగాయి. మా వైపు చూడకుండా, నూనె గిన్నెతో మాట్లాడుతున్నట్టు అంది. "నాకు గూడ గట్లనే అయ్యేది. మెడ మీదికెల్లి నిప్పు. నిద్ర లేకపోయేది. ఎవల్నడగాల్నో తెల్వకపోయె. గప్పుడు గీ మందు ఉంటె, మిమ్ముల గన్ని మాటలు అనకపోతుంటి."

యారాలు వేళ్ళు ముడి మీదే ఉండిపోయాయి. నాకు గోడకు తగిలిన గిన్నెలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి, ఆమె వయసు అప్పుడు సరిగ్గా నా ఇప్పటి వయసే అని కూడా.

కిమ్ రైలు వెళ్ళిపోయింది. వేరుపడ్డాక మొదటిసారి ఆ రాత్రి యారాలు మా ఇంట్లో పడుకుంది.