గూటి రాయి

పందొమ్మిదివందల ముప్పైల చివర్లో, వానలకు నానిన గోడ ఒకటి మా పాతబస్తీ ఇంట్లో పడగొట్టించాం. నా భార్యకు అప్పటికే రెండు కాన్పులు దక్కలేదు. ఈసారి ఏడో నెల నడుస్తోంది. పురిటికి పొడిగా ఒక గది ఉండాలని నా తొందర.

ఆ గోడలో దీపపు గూడు ఉండేది. ఇల్లు మాకు అమ్మిన ముసల్మాను కుటుంబం ఒక్కటే కోరింది, గురువారం సాయంత్రం ఆ గూట్లో దీపం మానొద్దని. మా అమ్మ ఒక్క వారం కూడా తప్పలేదు. గోడ పడగానే గూటి అడుగు రాయిని తానే మోసుకొచ్చి వాకిలి పక్కన పెట్టింది.

"కొత్త గోడల గీ రాయే వెట్టాలె. లేకుంటే గీ బిడ్డ గూడ దక్కదు," అంది.

చాదస్తం అనుకున్నాను.

కూలిన గోడ మల్బా ఎత్తించడానికి దున్నపోతు బండిని ఒక్క రోజుకు కిరాయికి తెచ్చాను. ఇటుక ముక్కలూ సున్నపు పెళ్ళలూ మోసి మోసి, చివరి తడవకు బండి సగమే నిండింది.

"నిండినా నిండకున్నా కిరాయి గంతే, భాయ్. ఇంకేమన్న ఉంటే ఎయ్యుర్రి," అన్నాడు బండి తోలే ముసలాయన.

సగం ఖాళీ బండిని పోనివ్వడానికి నా ప్రాణం ఒప్పలేదు. పిసినారితనం అంటే అనండి. వాకిట్లో చేతికందిన రాయినల్లా ఎత్తి పడేశాను. అందులో గూటి రాయి కూడా పోయిందని దీపాల వేళ అమ్మ అడిగేదాకా తెలియలేదు. అమ్మ తిట్టలేదు. కోడలి కడుపు వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

తెల్లారగానే సైదాబాద్ అవతల, మల్బా పోసే పాడుబడ్డ దిగుడుబావికి పరుగెత్తాను. మెట్లు దిగి చూద్దును కదా, ఎటు చూసినా గూటి రాళ్ళే. ఎన్ని ఇళ్ళవో, అన్నీ మసిబారి, నూనె జిడ్డుతో ఉన్నాయి. చుట్టూ మనిషి లేడు. అయినా అప్పుడే దీపం ఆర్పినట్టు ఒత్తి వాసన వస్తోంది. ఏది మాదో ఎలా తెలుస్తుంది? వెతికి వెతికి, ఇక అక్కడ నిలబడలేక, మా రాయంత ఉన్నదాన్ని ఒకటి భుజాన వేసుకొచ్చాను.

అమ్మ దాన్ని బూడిదతో తోమింది. మసి కింద, రాయికి పూసిన గచ్చులో, చిన్నపిల్ల అరచేతి అచ్చు.

"ఇది మనది కాదురా," అంది. మళ్ళీ తనే, "ఇంటికొచ్చినదాన్ని ఎల్లగొడ్తమా?" అని కొత్త గోడ గూట్లో పెట్టించింది.

బిడ్డ దక్కింది. ఆడపిల్ల.

దానికి నాలుగేళ్ళప్పుడు ఒక గురువారం, అమ్మ ఒత్తి చేసుకుంటుండగా, పీట ఎక్కి ఆ అచ్చులో అరచెయ్యి ఆనించింది. వేళ్ళతో సహా సరిపోయింది. గుసగుసగా ఏదో చెబుతోంది. మధ్యలో ఆగి వింటోంది. విని నవ్వుతోంది. దాని చెయ్యి పట్టి లాగబోయాను.

అమ్మ నన్ను ఆపింది.

"ఎందుకు గుంజుతవురా? ఆడుకోనీ. గా రాయిల పిల్లకు ఇంకెవరున్నరు?"