జోగయ్య ఇంటి అరుగు మీద ఐదో మనిషి

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే, చుట్ట వంక పెట్టుకుని లేచి బయటికి పోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఒకప్పుడు శ్మశానం పక్క ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. దోమలు తప్ప నన్నెవరూ పీక్కు తినలేదు. ఇది చదివి ముసలాయనకి మతి పోయిందని అనుకునేవాళ్ళు నిక్షేపంగా అనుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. తెలియని చోట తెలియదనే రాస్తాను.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక కలప వ్యాపారి దగ్గర గుమాస్తాను. బస్తరు సంస్థానం అడవుల్లో ఆయన కొన్న టేకు దుంగలు శబరి ఒడ్డున కొంటాకి చేరేవి. అక్కడ వాటిని తెప్పలుగా కట్టి నీళ్ళ మీద గోదావరికి వదిలేవాళ్ళు. వచ్చిన ప్రతి దుంగ మీదా మా షావుకారు గుర్తున్న సుత్తితో ముద్ర కొట్టించడం నా పని. నదికి ఇవతల రాజుగారి రాజ్యం, అవతల తెల్లవాళ్ళ రాజ్యం. మధ్యలో ఒక రేకుల ఇంట్లో నేను ఒక్కణ్ణి.

నా భార్య సుభద్ర రాజమండ్రిలో మా అక్క దగ్గర ఉండేది. కొంటా వస్తానని ఎన్నోసార్లు అడిగింది. అడవి జ్వరాలనీ, మంచి వైద్యుడు లేడనీ, వచ్చే ఏడు చూద్దామనీ రెండేళ్ళు వాయిదా వేశాను. ఆ వానాకాలం ఆడపిల్లని కని, పురిటి జ్వరంతో ఎనిమిదో రోజున పోయింది. కబురు నాకు చేరలేదు. శబరి పొంగి పడవలు ఆగిపోయాయి. నేను వెళ్ళేసరికి పన్నెండో రోజు కూడా దాటిపోయింది. అక్క పసిదాన్ని నా చేతుల్లో పెట్టింది. ఆ పిల్లని ఎలా ఎత్తుకోవాలో కూడా నాకు తెలియలేదు.

సుభద్ర ఫోటో ఒక్కటీ లేదు. ఒకసారి స్టూడియో మెట్ల దాకా వెళ్ళాం. "బిడ్డ పుట్టాక ముగ్గురం కలిసి దిగుదామండీ" అంది. సరేనని సంతోషంగా వెనక్కి వచ్చాం. రేపు ఆ పిల్ల పెద్దదై మా అమ్మ ఎలా ఉండేదని అడిగితే చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. అదీ నా దిగులు. పిల్లని అక్కకి అప్పగించి కొంటాకి తిరిగి వచ్చిన రెండు నెలలకి ఇంకో సంగతి తెలిసింది. సుభద్ర ముక్కుపుడక కుడివైపు ఉండేదా ఎడమవైపా అన్నది నాకు గుర్తు రాలేదు. ఆ పూట అన్నం సహించలేదు.

అలాంటి రోజుల్లో, జగదల్‌పూర్‌కి బదిలీ అయి వెళ్తున్న ఒక ఉద్యోగి తన డబ్బా కెమెరాని నాకు అంటగట్టి పోయాడు. ఒక చుట్ట ఫిలింలో ఎనిమిది ఫోటోలు. ఒకటి తీశాక పక్కనున్న చెవి తిప్పాలి, వెనకున్న చిన్న ఎర్ర కిటికీలో తర్వాతి నంబరు కనిపిస్తుంది. తీసేటప్పుడు తల వంచి పైనున్న గాజుబిళ్ళలోకి చూడాలి. ఇంతే దాని విద్య.

ఆదివారాలు కెమెరా భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాను. ఒక్కోసారి మూడు నాలుగు కోసులు. రేవు, బజారుకి వచ్చిన కోళ్ళు, చేపలకి పెట్టిన వెదురు మావులు, మోకాలి లోతు నీళ్ళలో దున్నపోతులు, ఏది కనిపిస్తే అది తీశాను. పిల్లకి దగ్గు తగ్గలేదని అక్క ఉత్తరం రాసిన వారం కాళ్ళు బొబ్బలెక్కే దాకా తిరిగాను. తల వంచి ఆ గాజులోకి చూసినంతసేపూ గుండెలో బరువు ఉండేది కాదు. ఇంటికొచ్చాక మళ్ళీ ఎక్కి కూచునేది, నిజమే. కానీ ఆ కాసేపే నన్ను బతికించింది. యుద్ధం రోజులు కావడంతో ఫిలిం దొరకడం గగనంగా ఉండేది. రాజమండ్రి స్టూడియో ఆయన దయతలచి ఎప్పుడో ఒక చుట్ట పంపేవాడు. తీసిన ఫిలింని తెప్పల వాళ్ళ చేతికిచ్చి పంపితే, ఫోటోలు రావడానికి నెల పట్టేది.

జోగయ్య అని ఒక దొర్ల తెగ రైతు ఉండేవాడు. పొలం పని లేనప్పుడు తన దున్నలతో మా దుంగలు లాగేవాడు. తమ ఊరు రమ్మని చాలాసార్లు పిలిచాడు. పుష్యమాసంలో నాలుగు రోజులు వరసగా పనికి రాకపోయేసరికి, ఒంట్లో బాగాలేదేమో, చూసినట్టూ ఉంటుంది తిరిగినట్టూ ఉంటుందని ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

ఇంట్లో అందరూ ముభావంగా ఉన్నారు. కొత్తవాణ్ణి కదా, బిడియం అనుకున్నాను. ఫోటో తీస్తానంటే జోగయ్య వద్దనలేదు. జోగయ్య, అతని భార్య సుక్కమ్మ, వాళ్ళ చిన్న కూతురు, పెళ్ళికెదిగిన తమ్ముడు ముత్తయ్య, నలుగురూ అరుగు మీద కూచున్నారు. తీసిన ప్రతి ఫోటో పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. "మూడో నంబరు. జోగయ్య ఇల్లు. నలుగురు, ఒక కుక్క. ఎండ బాగుంది."

నెలకి ఫోటో వచ్చింది. అందులో ఐదుగురున్నారు.

గుమ్మం పక్కన, సుక్కమ్మకి ఇవతలగా, ఒక ముసలావిడ కాళ్ళు ముడుచుకుని కూచుని ఉంది. పిల్ల కదిలింది, ముత్తయ్య దగ్గాడు, కుక్క తోక ఆడించింది, అందుకని వాళ్ళంతా కాస్త చెదిరినట్టు పడ్డారు. ఆవిడ ఒక్కతే ఏమాత్రం కదలలేదు. నేరుగా నా వైపు చూస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే ఎడమ చెవి తమ్మె తెగి రెండు పాయలుగా వేలాడటం కూడా కనిపించింది.

కెమెరా చెవి తిప్పడం మరిచిపోయి ఒకదాని మీద ఇంకోటి తీశానేమో అనుకున్నాను. అలాగైతే ఆవిడలోంచి వెనకున్న గుమ్మం కనిపించాలి. కనిపించడం లేదు. పైగా మిగతా ఏడు ఫోటోలూ లెక్కకి సరిపోయాయి, వాటిలో ఎక్కడా ఆవిడ లేదు. నేను తల వంచినప్పుడు పక్కింటావిడ ఎవరో వచ్చి కూచుని ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అది నాకు బాగానే సరిపోయింది. ఫోటో తీసుకుని జోగయ్య ఇంటికి వెళ్ళాను.

జోగయ్య దాన్ని చేతిలోకి తీసుకుని నవ్వబోయి ఆగిపోయాడు. భార్యని పిలిచాడు. ఆమె చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మ, బాబూ," అన్నాడు జోగయ్య.

వాళ్ళమ్మ అంతకుముందు వానాకాలంలో పోయింది. శబరి దాటుతుంటే డోంగా తిరగబడింది, శవం దొరకలేదు. సుభద్ర కబురు నాకు చేరకుండా ఆపిన వరదే అది. ఆ సంగతి జోగయ్య నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ నా దుఃఖంలో పడి అతని ఇంటి మంచిచెడ్డలు అడగలేదు.

వాళ్ళకొక ఆచారం ఉంది. మనిషి పోయాక ఇంటివాళ్ళు ఏటికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, నీళ్ళలో చేతులతో దేవుతారు. చేపో పీతో రొయ్యో, చేతికి ఏది చిక్కితే దాన్ని కొత్త కుండలో పెట్టుకుని ఇంటికి తెస్తారు. దాంతో పోయినవాళ్ళు ఇంటికి వచ్చి పెద్దల్లో కలిసినట్టు. ఏమీ చిక్కకపోతే ఆ మనిషి ఇంకా బయటే తిరుగుతున్నట్టు. జోగయ్య మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ ఏమీ చిక్కలేదు. తల్లి బయట ఉన్న ఇంటికి పిల్లనివ్వం అంటూ ముత్తయ్యకి కుదిరిన సంబంధం వాళ్ళు ఆపేశారు. ఆమె పేరున రాయి నిలబెట్టడానికి కూడా వీల్లేకపోయింది.

"ఏ దినం తీసినవు బాబూ ఇది?" అని అడిగాడు.

పుస్తకం తీసి చూసి చెప్పాను. మూడోసారి ఏటికి వెళ్ళి వచ్చిన మర్నాడు అది.

"ఉత్త కుండతోటి వచ్చినమనుకున్నం. ఎనకాలనే వచ్చింది. మేమే సూడలే," అన్నాడు. అంత మనిషీ అరుగు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

నేను అంత తేలిగ్గా ఒప్పుకునేవాణ్ణి కాదు. ఊళ్ళో నాలుగిళ్ళు తిరిగి ఫోటో చూపించాను, ఎవరీమె అని మాత్రమే అడిగాను. నలుగురూ జోగయ్య తల్లి అనే చెప్పారు. చిన్నప్పుడు పశువుల దగ్గర తాడు తగులుకుని ఆ చెవి తెగిందని ఒక ముసలాయన చెప్పాడు. నేను ఆమెని బతికుండగా ఎన్నడూ చూడలేదు.

పది రోజుల్లో ఊరి బయట చింతకింద ఆమెకి రాయి నిలబెట్టి, ఆ కర్మకి కోసిన ఎద్దు తోకని దానికి కట్టారు. సంబంధం వాళ్ళు మళ్ళీ వచ్చారు. నన్ను పిలిచి ఆకు వేసి అన్నం పెట్టారు. నాకు సంతోషం వేసింది. ఆ వెనకే అసూయ కూడా వేసింది. వాళ్ళ మనిషి వచ్చింది కదా, నా మనిషి ఎందుకు రాదు అనిపించింది.

ఇప్పుడు రాసేది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ తర్వాతి ఆదివారం నేను తిరగడానికి వెళ్ళలేదు. వసారాలో కుర్చీ వేశాను. అక్క ఇచ్చిన సుభద్ర చీర ఒకటి నా పెట్టెలో ఉంటే దాన్ని కుర్చీ మీద పరిచాను. నా దగ్గర మిగిలిన ఆఖరి ఫిలిం పెట్టి, ఎనిమిది ఫోటోలూ ఆ కుర్చీకే తీశాను. తీసిన ప్రతిసారీ పేరు పెట్టి పిలిచాను. జన్మలో ఎవరి మూఢనమ్మకాన్నీ వెక్కిరించకుండా వదలని నేను, పట్టపగలు ఉత్త కుర్చీని ఎనిమిదిసార్లు పిలిచాను.

ఆ ఏడాది ఆఖరి తెప్పతో ఫిలిం పంపాను. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఎక్కడికీ పోలేదు. సాయంత్రం అవగానే టపా దారికేసి చూస్తూ కూచునేవాణ్ణి. ఎనిమిదీ వచ్చాయి. ఎనిమిదింటిలోనూ కుర్చీ, చీర, వెనక గోడ, అంతే. స్టూడియో ఆయన ఒక చీటీ పెట్టాడు. "వీటిలో మనుషులెవరూ లేరు. పొరపాటున తీశారా?"

వాటిని పట్టుకుని జోగయ్య ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, బహుశా దెబ్బలాడటానికి. అన్నీ విని జోగయ్య, "ఆమె ఈ ఇల్లు ఎన్నడన్న సూసిందా బాబూ? తొవ్వెట్ల తెలుస్తది?" అన్నాడు.

రానివ్వంది నేనే కదా.

సుక్కమ్మ మాత్రం ఎనిమిది ఫోటోలూ నేల మీద పేర్చి తాపీగా చూసింది. "ఏంది బాబూ ఇది? ఎవరున్నరని వస్తది?" అంది. "మేం నలుగురం కూసున్నం. మా కాడ కూసుందామని మా అత్త వచ్చింది. నువ్వేమో డబ్బా ఎనకాల నక్కినవు. ఉత్త కుర్సీ కాడికి ఎవలొస్తరు? నువ్వు కూసో. నీ బిడ్డను ఒళ్ళ కూసుండబెట్టుకో. అప్పుడు తీపియ్యి."

ఆ మాట నన్ను వదల్లేదు. దసరాకి సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళాను. పిల్లకి ఏడాది దాటింది, అడుగులు వేస్తోంది. అక్కని, పిల్లని తీసుకుని అదే స్టూడియో మెట్లెక్కాను. నాకు కుర్చీ వేశారు. పిల్లని ఒళ్ళో కూచోబెట్టారు. పక్కన ఇంకొకరికి చోటుంచమని నేనే చెప్పాను. స్టూడియో ఆయన నల్లగుడ్డలో తల దూర్చి, "ఇటు చూడండి" అన్నాడు.

నేను లేచి, పిల్లని అక్క ఒళ్ళో పెట్టి, వీధిలోకి వచ్చేశాను. ఆ ఫోటోలో అక్కా పిల్లా ఉన్నారు.

ఆ తర్వాత సంస్థానం పోయింది, నేనూ కొంటా వదిలేశాను. ఫోటోలు మాత్రం మానలేదు, కొన్ని వందలు తీశాను. నేనున్న ఫోటో ఒక్కటీ లేదు. కూతురి పెళ్ళిలో అందర్నీ నిలబెడుతుంటే వంటశాలలో పనుందని తప్పించుకున్నాను. వియ్యంకుడికి పొగరనుకున్నారు వియ్యాలవారు. మొన్న కూతురు అడగనే అడిగింది. "నాన్నా, అమ్మ ఫోటో ఎలాగూ లేదు. నీదైనా ఒకటి లేదేమిటి?" వెలుతురు పడితే కళ్ళు నీళ్ళు కారతాయని అబద్ధం చెప్పాను. అమ్మ ఎలా ఉండేదని అడిగితే చెబుదామని కళ్ళు మూసుకున్నాను. సుభద్ర రాలేదు. తెగిన చెవితో, కదలకుండా నావైపు చూసే ఆ ముసలావిడ ముఖమే వచ్చింది.

ఫోటో జోగయ్య ఇంట్లో ఉండిపోయింది. నెగటివ్ నా దగ్గరే ఉంది. కిటికీ వెలుగుకి పెట్టి చూస్తే ఇవాళ్టికీ ఐదుగురే. తెలిసిన ఫోటోగ్రాఫర్లకి చూపించాను, ఎవరూ ఏమీ తేల్చలేదు. ఆమె అందులోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ నేననను.

కూతురు రేపు ఫోటోగ్రాఫర్ని ఇంటికే పిలిపిస్తానంటోంది. నాకు భయంగా ఉంది. సుభద్ర కనిపిస్తుందని కాదు. నేనూ కూతురూ కూచున్న ఫోటోలో కూడా మేమిద్దరమే ఉంటే, ఇక ఎదురుచూడటానికి ఏం మిగులుతుంది? ఆ ఫోటో దిగనంత కాలం, ఆమె రాలేదని ఎవరూ అనలేరు.