రైలొస్తే సూది ఎత్తాలి

ఈరోజు మధ్యాహ్నమంతా నేల మీద కూర్చుని కొత్త రికార్డు ప్లేయర్ బిగించాను. కింద మందపాటి గ్రానైట్ పలక వేసి, రసమట్టంతో మట్టం చూసి, సూది రికార్డు మీద ఎంత బరువుతో ఆనుతోందో బుల్లి త్రాసుతో పదిసార్లు తూచాను. నడుము పట్టేసింది. ముచ్చటపడి కొనుక్కున్నదే, అయినా పని అయ్యేసరికి పాట వినే ఓపిక కూడా లేకపోయింది.

పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మిత్రులారా, చిన్నప్పుడు మీ ఇళ్లలోనూ ఇలాగే ఉండేదా? మా పాత ప్లేయర్ ఉన్న బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క. నాయన అరికాళ్లు నేలకు ఆనించి పాట వినేవాడు. రైలు కూత వినపడకముందే ఆయన కాళ్లకు నేల అదురు తెలిసేది.

"బండొస్తా ఉండాది, సూది ఎత్తరా" అనేవాడు.

నేను మెల్లగా ఎత్తి పట్టుకునేవాణ్ణి. అలమరలో గిన్నెలు గలగలమనేవి. బండి దాటిపోయాక పాట మళ్లీ మొదలయ్యేది. ఒక్క రికార్డు మీద కూడా ఆయన గీత పడనివ్వలేదు.

వాటిలో ఒకటి ఈ సాయంత్రం కొత్త ప్లేయర్ మీద పెట్టాను. రెండో చరణంలో ఉండగా, ఇప్పుడుంటున్న ఈ ఇంటి వెనక పట్టాల మీద రైలు వచ్చింది. ఆ అదురు సూదికి తగలకూడదనే కదా అంత బరువు పలక వేసింది. అయినా నా చెయ్యి దానంతటదే పోయి సూదిని లాగేసింది. కర్రుమంది.

"బాగానే పాడతా ఉండిందే, ఎందుకెత్తినారు?" అంది నా భార్య.

"బండొచ్చింది గదా" అన్నాను.

నాయన అన్నేళ్లు కాపాడిన రికార్డు మీద మొదటి గీత నాది.